బుధవారం నాటి రిపోర్టు

ఫోను మోగేసరికి కోడలి చేతులు రెండూ మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. పెళ్ళయి నలభై రెండు రోజులు. ఇంకా రోజుల్లోనే లెక్కపెట్టుకునే కాపురం. ఒకే గ్లాసులో ఒరిగి నిలబడ్డ రెండు టూత్ బ్రష్షుల్ని చూసినా, గుమ్మం పక్కన అతని పడవల్లాంటి చెప్పుల దగ్గర తన చెప్పులు చిన్నపిల్లల్లా ఒదిగి ఉండటం చూసినా ఆమెకి లోపలెక్కడో చక్కిలిగింతలు పుడతాయి. భర్త ఫోను తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకోక, సింకులోంచి గుప్పెడు నురగ తీసి ఆమె ముక్కు మీద పెట్టాడు.

అవతల మాట్లాడుతున్నది సర్వే ఆఫీసు చీఫ్. సముద్రం అడుగున ఎక్కడ లోతుందో, ఎక్కడ మిట్ట ఉందో పటాలు గీసే ఆఫీసు అది. కోడలు రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. చీఫ్ ఎప్పుడూ పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. పంతొమ్మిదేళ్ళ కిందట నడిసముద్రంలో మాయమైన సరుకుల ఓడ కోసం ఆఖరిసారి వెతకడానికి పైనుంచి అనుమతి వచ్చింది. కొత్త యంత్రం దిగింది. నీళ్ళలోకి శబ్దం పంపి, అడుగున పడి ఉన్న చిన్న డబ్బానైనా బొమ్మకట్టి చూపిస్తుందిట. ఎల్లుండి పొద్దున్నే సర్వే ఓడ బయలుదేరుతుంది. మూడు వారాల పని. పటాలు గీసేవాళ్ళలో ఒక్కరికే చోటుంది, అది ఆమెకిచ్చారు.

"కొత్త పెళ్ళికూతురివి. ఇంట్లో అడిగి సాయంత్రానికి చెప్పమ్మా," అన్నాడు చీఫ్.

అడగనక్కర్లేదు సార్, మావాళ్ళే సంచి సర్ది పంపిస్తారు అని, ముక్కు మీద నురగతోనే చెప్పేసింది ఆమె. చీఫ్‌కీ తెలుసు ఆ సంగతి. ఆ ఓడలో సెకండ్ ఇంజినీరుగా వెళ్ళిన మనిషి ఆమెకి మామగారు. ఫోటోలో తప్ప ఆమె ఎన్నడూ చూడని మామగారు.

ఇరవై ముగ్గురు మనుషులు. ఒక చెక్క ముక్క దొరకలేదు, నూనె తెట్టు కనబడలేదు, ఆపదలో ఉన్నామన్న కబురైనా రాలేదు. అప్పటికి ఆమె భర్తకి తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత చదువంతా పక్కనపెట్టి మాయమైన ఓడల గురించీ విమానాల గురించీ దొరికిన ప్రతి కాగితం ముక్కా కత్తిరించి దాచుకున్నాడు. పళ్ళేలు వడ్డించినవి వడ్డించినట్టే ఉండి మనిషి జాడ లేని ఓడలు, నిర్మలమైన ఆకాశంలో మాట్లాడుతూ మాట్లాడుతూ మూగబోయిన విమానాలు. పెళ్ళిచూపుల్లో కూడా అతను మాట్లాడింది వాటి గురించే. పెరిగి పెద్దయ్యాక నేల విడిచి పోనని లిఫ్టు మెకానిక్ అయ్యాడు. పైకీ కిందకీ తప్ప పక్కకి వెళ్ళని ఉద్యోగం అని తనే నవ్వుతాడు.

ఇప్పుడు అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని మొహంతో వరండాలోకి పరుగెత్తాడు. అక్కడ అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. కొడుకు చెప్పిందంతా విని, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టి, "ఎల్లుండేనా," అని మాత్రం అన్నారు.

తర్వాతి గంటలో ఆవిడ నాలుగు అడ్డంకులు చెప్పారు. బస్సెక్కితేనే కళ్ళు తిరిగే పిల్ల ఓడలో ఎలా ఉంటుంది అన్నారు. కొత్త దంపతులు మూడు వారాలు విడిగా ఉంటే బాగుండదన్నారు. వండిపెట్టే తను ఇంట్లోనే ఉండి, వీడికి నీళ్ళు కాచడం కూడా రాదు, ఎండిపోతాడన్నారు. చివరికి వాతావరణం బాలేదన్నారు. కిటికీ బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. కొడుకు ప్రతిదానికీ ఒక జోకు విసిరాడు. అది వాంతి చేసుకున్నంత మాత్రాన సముద్రం పొంగిపోదులే అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

"ఇదే ఆఖరుట అమ్మా. ఈసారి కూడా కనబడకపోతే ఫైలు మూసేస్తారు."

"ఎక్కడ వెతుకుతారుట?"

ఇదివరకు వెతికిన చోటే, ఈసారి అంగుళం వదలకుండా అని కోడలు చెప్పింది. అత్తగారు తల ఊపి, వంటింట్లోకెళ్ళి, అరలో ఉన్న డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా కిందకి దించడం మొదలుపెట్టారు.

భర్త పనికి వెళ్ళాక ఇల్లు కుదురుగా లేదు. డబ్బాలు తుడిచి పైన పెట్టిన అత్తగారు కాసేపటికే వాటిని మళ్ళీ దించారు. కిటికీ అద్దాలు తుడిచారు. ముందు తలుపు తీసి ఎవరో పిలిచినట్టు బయటికి చూసి మూసేశారు. మేజోళ్ళు సంచిలో పెట్టడం, తీయడం, లెక్క మర్చిపోయి మళ్ళీ పెట్టడం, కోడలి పనీ అలాగే ఉంది. తను ఏం తప్పు చేసింది? ఈ నలభై రెండు రోజుల్లో ఆవిడ ఒక్క మాట పరుషంగా అనలేదు. రోజూ సాయంత్రం తన జడ చిక్కు తీసిపెట్టేది ఆవిడే. పోనీ భయమేమో, భర్తని మింగిన నీళ్ళ మీదకి కోడల్ని ఎలా పంపాలని. అది అడిగితే సరిపోదూ అనుకుంది. కానీ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ వీపు చూసి వెనక్కి వచ్చింది, రెండుసార్లు.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి మనిషి వచ్చి పటం ఇచ్చి వెళ్ళాడు. కోడలు దాన్ని భోజనాల బల్ల మీద పరిచి, లేవకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది. లేత నీలం కాగితం మీద ఎర్రటి చదరం. వెతకబోయే చోటు అదే. అత్తగారు బల్ల తుడవడానికి వచ్చినట్టే వచ్చి, గుడ్డ పట్టుకుని నిలబడిపోయారు. ఆవిడ చూపుడువేలు చదరం మీద వాలలేదు. దాని ఎడమవైపు, ఏ గీతా లేని ఖాళీ నీలం మీదకి జరిగి ఆగింది.

"అక్కడేముంది అత్తయ్యా?"

"ఏం లేదు. మరకేమో అనుకున్నాను."

మరక లేదు. అయినా ఆవిడ ఆ చోటే గుడ్డతో మెల్లిగా తుడిచి వెళ్ళిపోయారు. పటాలు చదవడం అందరికీ రాదు. అత్తగారు ఒకప్పుడు ఓడల కంపెనీ ఆఫీసులో గుమాస్తా అని కోడలికి తెలుసు, మామగారితో పరిచయం కూడా అక్కడే అయింది. కానీ ఆ వేలు తడుముకోలేదు. సొంత ఇంట్లో దీపం స్విచ్ మీదకి వెళ్ళినట్టు వెళ్ళింది.

సాయంత్రం భర్త ఎవరినో బతిమాలి తెచ్చిన వానకోటుతో వచ్చాడు. దాన్ని ఆమెకి తొడిగి, చేతులు కనబడక వేలాడుతుంటే చూసి నవ్వి, అమ్మని పిలిచాడు. ఆవిడ వచ్చి, కోటు వంక చూసి, "దాన్ని పంపకురా," అన్నారు.

అతని నవ్వు ఆరిపోయింది. పొద్దుటినుంచీ మింగిందంతా ఒక్కసారి పైకి వచ్చింది. తండ్రి ఎక్కడున్నాడో తెలియక తను పెరిగిన సంగతి గుర్తుందా అన్నాడు. తలుపు చప్పుడైతే పదిహేనేళ్ళు వచ్చేదాకా తనే పరుగెత్తేవాడినన్నాడు. తన భార్య, తన చేత్తో, నాన్న ఉన్న చోటు గీసి తెస్తానంటుంటే కన్నతల్లి అడ్డుపడటం ఏమిటన్నాడు.

"నాన్న దొరకడం నీకు ఇష్టం లేదా అమ్మా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అక్కడ ఓడ లేదురా. అక్కడిదాకా వచ్చిందో లేదో ఎవరికీ తెలీదు. వచ్చిందని రాసింది నేను."

మిగిలింది ముక్కలు ముక్కలుగా చెప్పారు. ప్రతి ఓడా రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఆఫీసుకి రిపోర్టు పంపాలి. ఎక్కడున్నాం, ఎంత వేగం, గాలి ఎలా ఉంది, ఇంధనం ఎంత మిగిలింది. అది రిజిస్టర్లో రాసుకుని, గోడమీది పటంలో గుండుసూది జరపడం ఆవిడ పని. ఆ ఓడ రేడియో ఆపరేటరు పరమ బద్ధకస్తుడు. అతని రిపోర్టు మూడింటికి వచ్చేది, ఐదింటికి వచ్చేది, ఒక్కోసారి మర్నాడు వచ్చేది. అలాంటప్పుడు నిన్నటి చోటుకి ఒక రోజు ప్రయాణం కలిపి, పెన్సిలుతో రాసి ఉంచడం ఆఫీసులో అందరూ చేసేదే. అసలు రిపోర్టు వచ్చాక చెరిపి పెన్నుతో రాసేవాళ్ళు. మంగళవారం రిపోర్టు వచ్చింది. బుధవారం రెండున్నరైనా రాలేదు. ఆవిడ గీత పొడిగించి, సూది జరిపి, అంకెలు పెన్నుతో రాసి, అందినట్టు టిక్కు కూడా పెట్టేశారు.

గురువారం రిపోర్టు కూడా రాలేదు. అప్పుడు ఆఫీసులో ప్రమాద గంట మోగింది. విమానాలు వెళ్ళాయి, ఓడలు వెళ్ళాయి, పదకొండు రోజులు వెతికాయి. ఆవిడ రాసిన చోటునుంచి ముందుకి. మంగళవారం మధ్యాహ్నానికీ బుధవారం మధ్యాహ్నానికీ మధ్యనున్న నీళ్ళని ఎవరూ చూడలేదు.

"పెన్సిలు లేదా?" అన్నాడు కొడుకు. "అంత తొందర ఏమొచ్చింది నీకు?"

ఆవిడ బల్ల మీద లేని దుమ్ము తుడిచారు. అతను మళ్ళీ అడిగాడు.

"మూడింటికి నీ స్కూల్లో నాటకం," అన్నారు ఆవిడ. "నువ్వు పులివి. నీ తోక నా సంచిలో ఉండిపోయింది."

కోడలికి ఆ నాటకం తెలుసు. తన జీవితంలో అన్నిటికన్నా మంచి రోజు అదేనని అతను పెళ్ళికి ముందే చెప్పాడు. అమ్మ రొప్పుతూ వచ్చి మొదటి వరసలో కూర్చుందనీ, తను గాండ్రించగానే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టిందనీ. అతను తల్లి వైపు చూడకుండా నిలబడ్డాడు.

"పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. ఒక్క రోజైనా చెప్పాలనిపించలేదా?"

"మొదటి రోజు, రేపు రిపోర్టు వస్తుందిలే అనుకున్నాను. విమానాలు లేచాక, కనబడతారులే అనుకున్నాను. అవి తిరిగొచ్చేశాక ఆ ఓడ కెప్టెన్ గారి భార్య నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఆ తల మీద చెయ్యి వేసి ఎలా చెప్పనురా?"

అతను తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళుంటున్న భవనానికి రెండు లిఫ్టులున్నాయి, రెండూ అతను బాగుచేసినవే. అయినా మెట్ల మీద అతని అడుగులు ఆరంతస్తులూ దిగడం, కొంతసేపటికి మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం లోపలికి వినబడుతూనే ఉంది.

వానకోటు విప్పడం కూడా మర్చిపోయి కోడలు అత్తగారి పక్కన కూర్చుంది.

"నేను ఆ గీత పొడిగించకపోతే దొరికేవాళ్ళా?" అని అడిగారు ఆవిడ. "నీకు తెలుస్తుంది కదా. చెప్పు."

లేదని ఒక్క మాట అంటే ఆవిడ మనసు తేలికపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పంతొమ్మిదేళ్ళుగా ఆవిడని కాల్చింది కూడా ఒక దొంగ లెక్కే.

"తెలీదు అత్తయ్యా. దొరికేవాళ్ళేమో, లేదేమో. ఎవరూ చూడని చోటు ఎక్కడుందో అదొక్కటే నేను చెప్పగలను." గ్లాసు జరిపి పటం సరిచేసి, పెన్సిలు తీసింది. "ఫైల్లో ఆఖరిదని బుధవారం రిపోర్టు ఒక్కటే ఉంది. మంగళవారంది మీకు గుర్తుందా?"

అత్తగారు కళ్ళు మూసుకుని అంకెలు చెప్పారు. డిగ్రీలు, నిమిషాలు, వేగం, గాలి, మిగిలిన ఇంధనం. ఎక్కడా తడబడలేదు. కోడలు చుక్క పెట్టింది. మధ్యాహ్నం ఆవిడ వేలు ఆగిన చోటే పడింది అది, ఎర్ర చదరానికి వేలెడు దూరంలో. కాగితం మీద వేలెడు. నీళ్ళ మీద ఒక పగలూ ఒక రాత్రీ. అప్పుడర్థమైంది ఆమెకి. ఈవిడ తనని ఆపబోయింది సముద్రానికి భయపడి కాదు. తను మూడు వారాలు ఖాళీ నీళ్ళు గాలించి వచ్చి, లేదు అని తన చేత్తో గీస్తే, ఆ గీతతో ఫైలు మూసేస్తుంటే చూడలేకపోయారు. చెప్పనూ లేదు, ఊరుకోనూ లేదు, డబ్బాలు దించుతూ ఎక్కిస్తూ రోజంతా నలిగిపోయారు. కోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ చెయ్యి తీసుకుని, పొడుగు చేతుల కోటులోకి లాక్కుని పట్టుకుంది.

అడుగులు ఈసారి తలుపు దగ్గర ఆగాయి. అతను చెమటతో లోపలికి వచ్చి, బల్లనీ, చుక్కనీ, ఇద్దరినీ చూశాడు. వచ్చి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"తోక గట్టిగా కుట్టలేదు నువ్వు," అన్నాడు. "రెండో రంగంలో ఊడిపోయింది. చేత్తో పట్టుకుని గాండ్రించాను."

"చూశాను," అన్నారు ఆవిడ. నవ్వబోయారు, నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. అతను ఆవిడ మోకాలి మీద నుదురు ఆనించాడు. కోపం పూర్తిగా పోలేదని, కొన్నాళ్ళు అలా వస్తూ పోతూ ఉంటుందని బిగుసుకున్న ఆ మెడ చూస్తేనే తెలుస్తోంది. అయినా తల ఎత్తలేదు.

కాసేపటికి కోడలే ఉన్న విషయం చెప్పింది. తన చుక్క ఒక్కటే చాలదు. రిజిస్టర్లో బుధవారం రిపోర్టు అందినట్టు ఉంది, ఆ రాత తప్పని రాసినవాళ్ళే వచ్చి చెప్పి సంతకం చేస్తేనే చీఫ్ చదరం జరుపుతాడు. అప్పుడది అందరికీ తెలుస్తుంది, ఇరవై రెండు ఇళ్ళకీ. అత్తయ్యకి ఇష్టం లేకపోతే తను మరో మాట అనదు.

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని లేచారు. ఈసారి ఏ డబ్బా దగ్గరికీ వెళ్ళలేదు. పటాన్ని చుట్టి, రబ్బరు వేసి కోడలి చేతికిచ్చారు.

"మీ ఆఫీసు తొమ్మిదింటికి తెరుస్తారుగా. నేనొచ్చి చెబుతాను. దానికన్నా ముందు ఏడింటికల్లా కెప్టెన్ గారింటికి వెళ్ళాలి. ఆవిడ ఇంకొకళ్ళ నోట వినకూడదు."

"నేనూ వస్తానమ్మా."

"నువ్వెందుకురా, నేనూ అమ్మాయీ వెళ్తాం," అన్నారు అత్తగారు. "రేపు నువ్వు సెలవు పెట్టి దాని సంచి సర్దు. మేజోళ్ళు ఎక్కువ పెట్టు, ఓడలో ఓ పట్టాన ఆరవు."