తెల్ల చొక్కా మీద మరక

పొద్దున్నే ముందుగదిలో రెండు కుట్టుమిషన్లూ ఒకేసారి మొదలవుతాయి. ఆ రోజు మాత్రం అత్తగారి మిషను ఆగి, నోరు మొదలైంది.

"చొక్కా మీద నెత్తురు మరక. ఈ నెలలో ఇది మూడోది. వేలికి సూది గుచ్చుకుంటే తెలియదా నీకు? రేపట్నుంచి తెల్లబట్ట ముట్టుకోకు."

కోడలు పది వేళ్ళూ చాపి చూపించింది. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు. చొక్కా అందుకుని చూసింది. మరక గుండీ పక్కనే ఉంది. గుండీలు కుట్టేది అత్తగారే. కత్తెర పదును పోతుందని దారం పంటితో కొరికేదీ ఆవిడే.

"అత్తయ్యా, ఒకసారి నోరు తెరవండి."

"నా నోరు నువ్వు చూసేదేంటి?"

"ఇన్నాళ్ళూ విన్నానుగా. ఇవాళ చూడనివ్వండి."

ఎడమవైపు చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. ఒక పన్ను కదులుతోంది. అత్తగారు స్టూలు మీద కూలబడింది.

"తోముతుంటే రక్తం వస్తోందని ఆ పక్క మానేశాను. ఆరు నెలలైంది. చెబితే పీకించేస్తారని భయం. పళ్ళు పోయాక మీ మావయ్య నలుగురిలో నవ్వడమే మానేశారు."

కోడలికి కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. మిషను మీద గుడ్డ కప్పి చెప్పులేసుకుంది. "పదండి."

"సాయంత్రానికి చొక్కాలివ్వాలే."

"చొక్కా రేపు కుట్టొచ్చు. పళ్ళు కుట్టలేం."

పళ్ళ డాక్టరమ్మ పరీక్షించి చెప్పింది. "తోమడం మానేస్తే పాచి గట్టిపడి రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మత్తిచ్చి చిగుళ్ళ కింద శుభ్రం చేస్తాను, నాలుగుసార్లు రావాలి. పళ్ళ చుట్టూ కరిగిన ఎముక మళ్ళీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఆ కదిలే పన్నుకి మాత్రం మాటివ్వలేను. మెత్తటి బ్రష్షుతో రెండుపూటలా తోమాలి."

అప్పట్నుంచి కోడలు రెండుపూటలా పంపు దగ్గర నిలబడేది. "ఎడమపక్క వదిలేశారు" అనేది. "పోలీసువా?" అని గొణుగుతూనే అత్తగారు తోమేది. నురగలో ఎరుపు తగ్గుతూ వచ్చి, కొన్ని వారాలకు పూర్తిగా పోయింది. కదిలే పన్ను దక్కలేదు. మిగతావన్నీ నిలిచాయి.

ఒకరోజు గుండీ కుట్టి, అలవాటుగా దారం నోటి దాకా తెచ్చి అత్తగారు ఆగిపోయింది. కత్తెరతో తెంపి, పక్కనున్న కొత్త తెల్లబట్ట తానుని కోడలి ముందు పెట్టింది. దాని మీద, ఎవరినీ తాకనివ్వని తన కత్తెర ఉంచింది.

"ఇక కత్తిరింపు నువ్వే చెయ్యి. ఆ రోజు నీ వేళ్ళు చూడకుండానే మాటన్నాను. నాదే తప్పు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పోయిన పన్ను సందు కనబడింది. ఆవిడ చేయి అడ్డం పెట్టుకోలేదు.