దారిచేప

2079 నాటికి భీమిలి తీరంలో నెత్తళ్ళ మంద ఎక్కడుందో చెప్పడం నేరం. పట్టడం మాత్రం నేరం కాదు. చట్టం చేసినవాళ్ళకూ నెత్తళ్ళ వేపుడంటే ఇష్టమే మరి. ఆ చోటు తెలిసిన మనిషి శాస్త్రవేత్త సూరాడ నూకరత్నం ఒక్కతే. ఇరవయ్యేళ్ళుగా అదే ఆమె ఉద్యోగం. ఇప్పుడా ఉద్యోగం తలుచుకుంటేనే ఆమెకు నీరసం.

నెత్తల్లి వేలెడంత చేప. ఒంటి పొడుగునా వెండి చార. ఒడ్డు దగ్గరి నీళ్ళలో ప్లాంక్టన్ అనే నలుసుల్లాంటి జీవుల్ని తింటూ లక్షల్లో మందకట్టి తిరుగుతుంది. మందకు నాయకుడంటూ ఉండడు. ప్రతి చేపా పక్కనున్న ఐదారింటిని చూసి మలుపు తిరుగుతుంది, అంతే. సముద్రం వేడెక్కి మందలన్నీ చచ్చి ఒక్కటే మిగిలితే, దానికోసం నూకరత్నం దారిచేపను చేసింది. అదీ వేలెడంత రోబోనే. మందలో కలిసి, కొన్నాళ్ళు పక్కవాటి వెంటే తిరిగి, ఆనక మెల్లగా చల్లనీటివైపు మళ్ళుతుంది. పక్కవీ మళ్ళుతాయి, వాటి పక్కవీ.

ఒక ఉదయం దారిచేపను నడిపే కంట్రోల్ యంత్రం చెప్పింది: "మంద దక్షిణాన చల్లనీటికి చేరింది. గుడ్లు పెడుతోంది. పది రోజులు అక్కడ వల పడకూడదు. పడితే ఈ జాతి ఇక ఉండదు."

నూకరత్నానికి సంతోషంతో ఏడుపొచ్చింది. తిన్నగా ఒడ్డుకెళ్ళి, తల్లి చేసినట్టే పసుపునీళ్ళు చల్లి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది. చేప ఉన్న దిక్కుకు తిరిగి మొక్కడం వాళ్ళ ఇంటి ఆచారం. అలిసిన ఒళ్ళు అలవాటుగా దక్షిణానికి తిరిగింది.

కళ్ళు తెరిచేసరికి తమ్ముడు పోలయ్య పడవను దక్షిణానికి తిప్పుతున్నాడు. అతన్ని చూసి పక్క పడవ తిరిగింది, దాన్ని చూసి ఇంకోటి. మొత్తం నలభై పడవలు.

ఆమె కేకేసింది: "ఎటెల్తన్నావురా పోలా?"

"నువ్వెటు మొక్కితే అటేనే అక్కా. సేపెక్కడుందో నీకు తెల్దేటి?"

"ఉండండ్రా, మొక్కు అవలేదు," అంటూ నూకరత్నం ఇంకో కాయ తీసి ఉత్తరానికి తిరిగి కొట్టింది. గంగమ్మ ముందు ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. పడవలు ఉత్తరానికి మళ్ళాయి.

సాయంత్రానికి నలభై పడవలూ ఖాళీగా తిరిగొచ్చాయి. ఇక తనను నమ్మరనుకుంది. తెల్లారేసరికి నలభై పడవలూ ఒడ్డున ఆమె కోసం చూస్తున్నాయి.

"నిన్న ఒక్క సేపా పడలేదు కదరా. మళ్ళీ ఎందుకొచ్చేవు?" అంది.

పోలయ్య అటూ ఇటూ చూశాడు. "మరి పక్కోళ్ళంతా వచ్చేరు కదే."

ఇంకా తొమ్మిది రోజులు. నూకరత్నం నిట్టూర్చి ఉత్తరానికి తిరిగి చేతులు జోడించింది.