ఎవరూ వాయించని వేగం

“ఆప్ కూర్మారావ్ హై క్యా?”

టాటానగర్ బర్మామైన్స్‌లో రైలు పట్టాల పక్క సందు. జూలై వాన. సగం మూసిన గొడుగుతో గుమ్మంలో నిలబడి హిందీలో అడిగింది పద్మకుమారి. తలుపు తీసిన యువకుడి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

“హాఁ జీ. కహియే.”

“క్లబ్ లైబ్రరీ కా రికార్డ్ ఆప్ కే పాస్ హై. తీన్ మహీనే హో గయే.”

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. లోపల్నుంచి ఒక పెద్దావిడ గొంతు వినబడింది. “ఎవుల్రా అది? ఆడపిల్లని వానలో నిలబెట్టి ఏటా మాటలు? లోనికి రమ్మను.”

పద్మకుమారి అతని వంక చూసింది. అతనూ ఆమె వంక చూశాడు.

“తెలుగువాళ్ళా?” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

“అయితే తెలుగులోనే తిడతాను,” అంది ఆమె. “ఒక్క రికార్డు మూడు నెలలు దాచుకుంటారా ఎవరైనా?”

“దాచుకోలేదండీ. వింటన్నాను.”

“మూడు నెలలా?”

“ఇంకా అవలేదు మరి.”

నవ్వు వచ్చింది కానీ పద్మకుమారి నవ్వలేదు. ఆమె నవ్వడానికి రాలేదు.

అదే ఊళ్ళో సీతారాండేరాలో ఉండే క్రేన్ డ్రైవర్ పోలరాజు కూతురు ఆమె. చదువుకున్న కాన్వెంటు స్కూల్లోనే చిన్నపిల్లలకు పియానో నేర్పుతోంది. ఉద్యోగం టెంపరరీ. చలికాలంలో లండన్ నుంచి కలకత్తా వచ్చే పరీక్షాధికారుల ముందు వాయించి డిప్లొమా తెచ్చుకుంటే పర్మనెంట్ చేస్తామన్నారు. తనకు నేర్పిన టీచరమ్మ నిరుడే గోవా వెళ్ళిపోయింది. పరీక్షకు పద్మకుమారి ఎంచుకున్నది బీథోవెన్ చివరి మూడు పియానో సొనాటాల్లో మొదటిది, మూడు భాగాలున్న రచన. “నేర్పేవాళ్ళు లేకుండా అంత కష్టమైనది ఎందుకమ్మా, సులువైనది తీసుకో,” అని హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు చెప్పింది. పద్మకుమారి రెండుసార్లూ వద్దంది.

నేర్పేవాళ్ళు లేరు కాబట్టి రికార్డులు విని, ఒకదానితో ఒకటి పోల్చి నేర్చుకుందామనుకుంది. టీచరమ్మ ఇచ్చి వెళ్ళిన రికార్డు ఒకటి ఉంది. అట్ట మీద పొట్టిజుట్టావిడ బొమ్మ. అదే సొనాటాను ఒక బట్టతల ముసలాయన వాయించిన రికార్డు ఊరు మొత్తం మీద క్లబ్బు లైబ్రరీలోనే ఉంది. అది ఈ కూర్మారావు ఇంట్లో ఉందని లైబ్రరీ చూసే సోమేశ్వరరావుగారు చెప్పారు.

“ఒక్కసారి వినేసి ఇచ్చేస్తాను,” అన్నాడు కూర్మారావు. “మీరూ కూర్చోండి. వాన తగ్గాక వెళ్దురుగాని.”

అతని తల్లి సింహాచలమ్మ అప్పటికే టీ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టేసింది.

ప్లేయరు అతను స్వయంగా చేసుకున్నది. కాంట్రాక్టు కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. పాత మోటారు ఒకటి సంపాదించి, మిగతా భాగాలు వర్క్‌షాపు లేత్ యంత్రం మీద తిప్పి చేసుకుని, చెక్కపెట్టెలో బిగించాడు.

“టెస్ట్ చెయ్యడానికి ఏదో ఒక రికార్డు కావాలని తెచ్చానండీ. నాకు సంగీతం రాదు. మొదటిరోజు ఏటీ తెలీలేదు. నాలుగోరోజు డ్యూటీలో ఉంటే ఇదే బుర్రలో తిరిగింది. అప్పట్నుంచి వదల్లేదు,” అంటూ సూది దించాడు.

మూడో భాగం మొదలైంది. పాటలాంటి చిన్న బాణీ. దాన్నే ఆరు రకాలుగా మార్చి, చివరికి మళ్ళీ మొదటికి తెస్తారు. పొట్టిజుట్టావిడ దాన్ని నెమ్మదిగా వాయిస్తుంది. ముసలాయన ఇంకా నెమ్మది అని టీచరమ్మ చెప్పేది. కానీ ఈ గదిలో, రేకుల మీద వాన చప్పుడులో, ఆ బాణీ హుషారుగా నడిచింది. పొద్దున్నే చల్లటి గాలిలో నదివైపు నడిచే మనిషిలా ఉంది. పద్మకుమారి టీ తాగడం మరిచిపోయింది.

“నేను ఇలాగే వాయిస్తాను,” అంది పైకే.

“ఏంటండీ?”

“ఏం లేదు. రికార్డు ఇవ్వండి.” ప్లాస్టిక్ కవరులో చుట్టుకుంటూ, అతని మొహం చూసి జాలిపడింది. “వినాలనిపిస్తే శనివారం మధ్యాహ్నం స్కూలుకి రండి. మ్యూజిక్ రూమ్ ఖాళీగానే ఉంటుంది.”

“వత్తాను. కానీ శనివారం దాకా ఆగాలా?”

“మీ పేరులోనే కూర్మం ఉంది. ఆ మాత్రం ఆగలేరా?”

సింహాచలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

*

శనివారం అతను తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. పద్మకుమారి మొహం ముడుచుకుని ఉంది. మాట్లాడకుండా రికార్డు పెట్టింది. మూడో భాగం మొదలైన కాసేపటికే కూర్మారావు కుర్చీలోంచి లేచాడు.

“ఇది మా ఇంట్లోది కాదండీ.”

“ఆ మాట నేననాలి. వారంగా వింటున్నాను. ఆరోజు మీ ఇంట్లో విన్నది ఇందులో లేదు. వేరేది ఇచ్చారా నాకు?”

“నా దగ్గర ఉన్నదే ఒకటి. అదే ఇచ్చాను.”

“అయితే నేను మార్చానంటారా?”

“అలా అనలేదు. మీ మెషిన్‌లో ఏదో గడబడ్ ఉంది. ముసలాయన నిద్రలో వాయిస్తున్నట్టుంది.”

“ఇది కంపెనీ మెషిన్. ఇంట్లో చెక్కపెట్టెలో బిగించుకున్నది కాదు.”

అన్నాక గాని ఆ మాట ఎంత పదునుగా తగిలిందో ఆమెకు తెలియలేదు. కూర్మారావు తల ఊపి, వానలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఒకసారి ఆగాడు. వెనక్కి చూస్తాడేమో అనుకుంది. చూడలేదు.

ఆదివారం పొద్దున్నే పద్మకుమారి రెండు రికార్డులూ సంచీలో పెట్టుకుంది. ఊదితే కావలసిన స్వరం పలికే పిచ్ పైపు కూడా పెట్టుకుని బర్మామైన్స్ బయల్దేరింది. తేల్చుకోకుండా ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

“మళ్ళీ వచ్చేవా తల్లీ,” అంది సింహాచలమ్మ సంతోషంగా. కూర్మారావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“పోట్లాటకి రాలేదు,” అంది పద్మకుమారి. “నా రికార్డు మీ మెషిన్ మీద పెట్టండి. ఈవిడ వాయించింది నాకు కంఠతా వచ్చు.”

పెట్టాడు. పొట్టిజుట్టావిడ కూడా హుషారుగా నడిచింది. పద్మకుమారి కళ్ళు పెద్దవయ్యాయి. పైపు నోట పెట్టుకుని, సొనాటా ఏ స్వరం మీద నిలబడాలో ఆ స్వరం ఊదింది. రికార్డు స్వరమూ పైపు స్వరమూ ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి.

“ఆ ఊదే పీక తీసెయ్యమ్మా, పళ్ళు జివ్వుమంటన్నాయి,” అంది సింహాచలమ్మ.

“చూశారా, అమ్మగారికి కూడా తెలిసింది. ఇద్దరు మనుషులు, రెండు రికార్డులు. మీ ఇంట్లో ఇద్దరూ ఒకేలా పై స్వరంలోకి పోతున్నారు. మార్చింది మీరూ కాదు, నేనూ కాదు. మీ ప్లేయరు పరిగెడుతోంది. అందుకే వేగం పెరిగింది, స్వరమూ పైకి పోయింది.”

కూర్మారావు పెట్టె విప్పాడు. మోటారుకున్న చిన్న పుల్లీని కొలిచి చూశాడు. మళ్ళీ కొలిచాడు.

“లావైంది,” అన్నాడు. “వెంట్రుకంత. నేనే తిప్పాను.” దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. “అంటే మూడు నెలలు నేను విన్నది...”

“ఎవరూ వాయించలేదు. ముసలాయనా కాదు, ఈవిడా కాదు.”

గెలిచిన గొంతుతో అంది. అతని మొహం చూశాక గెలుపు చేదుగా అనిపించింది.

*

కూర్మారావు కొత్త పుల్లీ తిప్పి బిగించాడు. ప్లేయరు సరిగ్గా తిరిగింది. ఆ తర్వాత అతను శనివారాలు స్కూలు వైపు రాలేదు.

పద్మకుమారి మాత్రం పియానో ముందు కూర్చుంటే చేతులు ఆ బర్మామైన్స్ నడకనే వెతుక్కునేవి. వేగం పెంచితే చాలనుకుంది మొదట. పెంచితే బాణీ కంగారుపడింది. మళ్ళీ రికార్డుల దగ్గరికి వెళ్ళింది. పొట్టిజుట్టావిడ ప్రతి స్వరాన్నీ కడిగి విడివిడిగా ఆరబెట్టినట్టు వాయిస్తుంది. ఆ శుభ్రం ఆవిడ దగ్గర తీసుకుంది. ముసలాయన నెమ్మది మొదట విసుగనిపించింది గాని, పదేపదే వింటే ఆయన ఎడమచెయ్యి ఎంత నిబ్బరంగా కింద నిలబడుతుందో తెలిసింది. ఆ నిబ్బరం ఆయన దగ్గర తీసుకుంది. నడక ఎవరి దగ్గరా దొరకలేదు. దాన్ని తనే కట్టుకోవాలి.

“ఇంత వేగంగా ఎవరూ వాయించలేదు. మార్కులు పోతాయి,” అంది హెడ్‌మిస్ట్రెస్.

“నేను వాయిస్తాను కదండీ,” అంది పద్మకుమారి.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం మళ్ళీ ఆ సందులోకి వెళ్ళింది.

“ఆ పెట్టి ముట్టుకోడమే మానేసేడమ్మా,” అంది సింహాచలమ్మ. “డ్యూటీకెల్తాడు, వత్తాడు, తింటాడు. ఏటైందని అడిగితే ఏటీ నేదంటాడు.”

“శనివారం స్కూలుకి రమ్మనండి. రాకపోతే పియానో ఇక్కడికి తెస్తానని చెప్పండి.”

వచ్చాడు. తలుపు దగ్గరి కుర్చీలో, ఏ క్షణమైనా లేచి వెళ్ళిపోయేవాడిలా కూర్చున్నాడు. పద్మకుమారి ఏ రికార్డూ పెట్టలేదు. పియానో మూత తీసి మూడో భాగం మొదలుపెట్టింది. సరైన శ్రుతిలో, అతని ఇంటి వేగంలో.

కూర్మారావు కదల్లేదు. ఆమె ఆరు మార్పులూ దాటి, చివరికి మొదటి బాణీకి తిరిగొచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వెనక్కి తిరగడానికి ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది.

“ఇదేనా మీరు విన్నది?”

“కాదండీ.”

ఆమె పియానో మూత వేయబోయింది.

“అది మెషిన్ పొరపాటు,” అన్నాడు అతను. “ఇది మీరు వాయించారు. దీనికోసమే అది విన్నానేమో అనిపిస్తోంది.”

కిటికీ బయట చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ వాటినే చూశారు, ఒకరినొకరు చూడకుండా ఉండటానికి.

“మధ్యలో ఒకచోట మాత్రం తడబడ్డారు,” అన్నాడు కాసేపటికి.

“సంగీతం రాదన్నారు?”

“రాదు. కానీ మూడు నెలలు విన్నాను కదా.”

“అయితే ప్రతి శనివారం రండి. తడబడకుండా అయ్యేదాకా.”

*

డిసెంబరులో కలకత్తా బయల్దేరే ముందు పోలరాజు కూతురితో ఒక మాట చెప్పాడు. “బొబ్బిలి నించి మీ అత్త రాసింది. కుర్రాడికి రైల్వేలో పని. గానీ పెళ్ళయ్యాక ఈ పియానో గియానో ఒద్దంటన్నారు. పరీచ్చ అయ్యేదాకా ఆళ్ళకి నానేటీ సెప్పను. తరవాత సెప్పాలి.”

పద్మకుమారి తలొంచుకోలేదు. “పరీక్ష అయ్యాక నేనే చెప్తాను నాన్నా,” అంది.

టాటానగర్‌లో తండ్రితో స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాక చూస్తే, అదే పెట్టెలో నాలుగు వరుసల వెనక కూర్మారావు ఉన్నాడు. కంపెనీ పని మీద వెళ్తున్నానన్నాడు. చేతిలో సంచీ కూడా లేదు. పోలరాజు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

పరీక్ష గది బయట బల్ల మీద ఇద్దరు మగవాళ్ళూ పక్కపక్కన కూర్చున్నారు. లోపల్నుంచి పియానో వినబడింది. కూర్మారావు రెండు చేతులూ బిగించి పట్టుకున్నాడు. ఆమె తడబడుతుందేమోనని అతను భయపడే చోటు వచ్చింది, దాటింది. అతను ఊపిరి వదిలాడు. పోలరాజు ఆ ఊపిరి విన్నాడు.

“నీకు ఇదంతా తెలుసా బాబూ?”

“లేదండీ. ఇదొక్కటే తెలుసు.”

పోలరాజు తలుపు వైపు తిరిగాడు. “నాకు అదీ తెలవదు,” అన్నాడు మెల్లగా. “ఇన్నేళ్ళలో ఒకపాలి కూడా కూకుని ఇన్నేదు.”

ఆమె డిప్లొమా పాసైంది. మార్కులు మరీ గొప్పవేం కావు. మూడో భాగం గురించి మాత్రం, వేగంతో ఏకీభవించకపోయినా మరొకలా వినాలనిపించలేదని పరీక్షాధికారి రాశాడు. కానీ ఆ కాగితం ఫిబ్రవరిలో వచ్చింది. తిరుగు రైలెక్కిన ఆ సాయంత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఖరగ్‌పూర్‌లో పోలరాజు లేచాడు. “టీ తాగొత్తాను. బాబూ, నువ్వొచ్చి ఇక్కడ కూకో. సీటు ఎవులైనా ఒట్టుకుంటారు,” అని దిగిపోయాడు.

రైలు కదిలింది. ఆయన రాలేదు. కూర్మారావు కంగారుగా కిటికీలోంచి తొంగిచూశాడు.

“పక్క పెట్టెలో ఎక్కారు, నేను చూశాను,” అంది పద్మకుమారి. “మీరు చెప్పాలనుకున్నదేదో చెప్పండి.”

“కంపెనీ పనేం లేదు నాకు.”

“అది టాటానగర్‌లోనే తెలిసింది.”

“మా అమ్మని మీ ఇంటికి పంపుదామనుకుంటున్నాను.”

పద్మకుమారి చేతివేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

“ముందు ఒకటి వినండి. నేను పాసవ్వకపోతే మళ్ళీ ఏడాది వాయిస్తాను. అప్పుడూ అవ్వకపోతే ఆపై ఏడాది. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా. పాసయితే మిగిలిన రెండు సొనాటాలూ మొదలుపెడతాను. వాటికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలీదు. దానికి ఒప్పుకుంటేనే అమ్మగారిని పంపండి.”

“ఆ రెండూ ఎలా ఉంటాయి?”

“ఇంతకంటే కష్టం. రోజూ ఒకే ముక్క వందసార్లు వినాల్సొస్తుంది మీరు.”

“వింటాను,” అన్నాడు కూర్మారావు. “అమ్మ ఆదివారం వస్తుంది.”

ఆమె నవ్వింది. అతనికి ఏం చెయ్యాలో తెలియక కిటికీ అద్దం పైకెత్తాడు. చలిగాలి కొట్టగానే మళ్ళీ కిందికి దించాడు. ఆ కంగారులో ఆమె చెయ్యి తగిలింది. ఆమె తీసెయ్యలేదు, అతనూ తీసెయ్యలేదు.

ఘాట్‌శిలా దాటాక పోలరాజు పెట్టెల మధ్య తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో మూడు మట్టి కప్పులున్నాయి. వాళ్ళిద్దరినీ చూసి గుమ్మం దగ్గరే ఆగాడు.

“మాటాడుకోడం అయ్యిందా,” అని అడిగాడు, “ఇంకో స్టేషన్ దాకా అక్కడే ఉండమంటారా?”