రోడ్డు ఖాళీ

ఎడమవైపు కొండ. కుడివైపు, మూడొందల మీటర్ల కింద, ఫియర్డ్... కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు నీళ్ళు.

మధ్యలో ఒక్క కారు పట్టే రోడ్డు!

యోరున్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం లేదు.

అద్దంలో తెల్ల వ్యాన్... దగ్గరవుతోంది.

రాత్రి పదకొండు. జూన్ నెల. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. దాక్కుందామంటే వేసవిలో చీకటి కూడా పడదు ఈ దిక్కుమాలిన ఉత్తరపు దేశంలో!

వ్యాన్ నడుపుతున్నది ట్రిగ్వే. మూడు రోజులుగా ఆమెకి కొండలూ జలపాతాలూ తిప్పి చూపించిన పెద్దమనిషి. 'ప్రయాణానికి తోడు కావలెను' అని పేపర్లో ప్రకటన ఇచ్చాడు. దానికి జవాబు ఆమే రాసింది.

మొదటి రోజే అడిగాడు.

"ఇంటి దగ్గర నీకోసం ఎవరైనా ఎదురుచూస్తుంటారా?"

"ఎవరూ లేరు."

నిజమే చెప్పింది. యాభై రెండేళ్ళొచ్చాక ఆ మాట అడిగిన మొదటి మనిషని మురిసిపోయింది. పిచ్చిది!

అరగంట కిందట లోయ అంచున ఆమె ఫోన్‌తోనే ఆమెకి ఫొటోలు తీశాడు.

"ఇంకొంచెం వెనక్కి... ఇంకొంచెం..."

"చలేస్తోంది, శాలువా తెచ్చుకుంటా."

అతని కారు సీటు కింద చెయ్యి పెడితే ప్లాస్టిక్ కవరు తగిలింది. అందులో మూడు డ్రైవింగ్ లైసెన్సులు. ముగ్గురూ ఆడవాళ్ళే. ముగ్గురిదీ ఆమె వయసే. ఒకామెని టీవీలో చూసింది... ఈ కొండల్లోనే కనబడకుండా పోయిన మనిషి!

తాళం కారుకే ఉంది. ఎక్కి తోలేసింది. అంతే!

అతను ఎవరో టూరిస్టుల వ్యాన్ లాక్కుని వెంటపడ్డాడు.

ఎదురుగా సొరంగం. పదకొండు కిలోమీటర్లు. అది దాటితే రోడ్డు ఆఖరు, బండ్లని నీళ్ళు దాటించే ఫెర్రీ రేవు. పొద్దున ఆరు దాకా ఫెర్రీ లేదు. వెళ్తే చిక్కినట్టే!

ఫోన్ అతని జేబులో ఉంది.

కానీ ట్రిగ్వేకి ఒక్క సంగతి తెలీదు. ఆఫీసులో పని అని ఆమె చెప్పింది గానీ ఏ ఆఫీసో అతను అడగలేదు.

తొమ్మిదేళ్ళుగా ఈ సొరంగాల కెమెరాల దగ్గర కాపలా కాసేది యోరునే! తెరల మీద ఎన్ని వేల కార్లో చూసింది. తనని చూసినవాళ్ళే లేరు.

డ్యూటీ మారేటప్పుడు ఓస్ముండ్ ఒక్కడే ఎదురుపడతాడు. ఇన్నేళ్ళలో వాళ్ళ మధ్య మాటలు రెండే.

ఆమె, "రోడ్డు ఖాళీ."

అతను, "కాఫీ పెట్టాను."

సొరంగం మధ్యలో, బండ్లు ఆపుకునే చోట, నీలం లైట్లు. బ్రేక్!

గోడ పెట్టె తెరిచి, మంటలార్పే సిలిండర్ పైకి తీసింది. అది కదిలితే చాలు... రెండు చివర్లా ఎర్రలైట్లు, గేట్లు! వెనకాలే వ్యాన్ లోపలికి వచ్చేసింది. ఇక ఇంకెవరూ రారు.

సాయానికి కూడా!

పక్కనే ఎమర్జెన్సీ ఫోన్.

"కంట్రోల్ రూమ్... ఆగాగు, తెర మీద... యోరున్? నువ్వు సెలవులో ఉన్నావుగా!"

"ఓస్ముండ్! వీడు నన్ను చంపడానికి..."

కీచుమని వ్యాన్ ఆగింది. రిసీవర్ చేతిలోంచి జారి వేలాడుతోంది.

ట్రిగ్వే దిగాడు. చేతిలో పిస్టల్.

"గేట్లు నువ్వే వేసిపెట్టావా? మంచిదానివి. పోలీసులు రావడానికి నలభై నిమిషాలు. నాకు రెండు చాలు."

పైన స్పీకర్లో ఓస్ముండ్ గొంతు గర్జించింది.

"ఒరేయ్! నిన్ను చూస్తున్నా! ఆమె మీద చెయ్యి పడిందో..."

అదే గొంతు, ఈసారి మెల్లగా.

"యోరున్... సోమవారం నుంచీ ఒక్కణ్ణే కాఫీ తాగుతున్నా. ఎప్పుడొస్తావా అని చూస్తున్నా."

ట్రిగ్వే తలెత్తి స్పీకర్ వైపు చూశాడు.

"ఎవరూ లేరన్నావుగా!"

"నేనూ అలాగే అనుకున్నా."

సిలిండర్ పిన్ను లాగేసింది. బుస్సుమని తెల్లటి పొడి... రోడ్డంతా!

ఢాం!

ఆ మెరుపు కనబడిన చోటుకే సిలిండర్ ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

పిస్టల్ నేలమీద పడ్డ చప్పుడు. తర్వాత మనిషి పడ్డ చప్పుడు.

"యోరున్! ఏమీ కనబడట్లేదు! పలుకు... పలకవే!"

భుజం మండిపోతోంది. చెయ్యంతా తడి. దగ్గుతూ, గోడ తడుముకుంటూ, రిసీవర్ అందుకుంది.

"రోడ్డు ఖాళీ, ఓస్ముండ్."

అవతల ఏడుపు.

"కాఫీ పెట్టు... వస్తున్నా!"