మీషా కప్పు

“ఆమెకి ఏదైనా అయిందో, నువ్వు మళ్ళీ ఆఫీసు మొహం చూడక్కర్లేదు,” అన్నాడు చీఫ్, ఏజెంట్ ఫ్రెడీతో.

ఆమె పేరు లిడియా సొరోకినా. ఆర్గానిక్ కెమిస్ట్రీలో కొత్త దారి వేసిన రష్యన్ శాస్త్రవేత్త. పురుగుల మందు కోసం ఆమె తయారుచేసిన కాంపౌండ్‌ని, పాతకాలపు కెమిస్టుల అలవాటు కొద్దీ, అసిస్టెంట్ మీషా నాలుక మీద వేసుకున్నాడు. ల్యాబ్‌లోనే పోయాడు. ఇప్పుడా విషాన్ని ఒక విదేశీ ముఠా అమ్ముకుంటోంది. వాళ్ళ పేర్లు ఆమె ఈ సాయంత్రం లండన్‌లో ఎంక్వైరీ కమిటీ ముందు చెప్పాలి. అందాకా ఆమెని ప్రాణాలతో ఉంచడమే మిషన్.

ఆమె ఉంటున్న కేంబ్రిడ్జ్ కేర్ హోమ్‌లో ఏజెంట్ ఫ్రెడీ, ముసలివాళ్ళని కనిపెట్టుకుని ఉండే కేరర్ వేషం వేశాడు. ఇల్ఫర్డ్‌లో వాళ్ళమ్మ జ్ఞానకుమారి ఏళ్ళ తరబడి చేస్తున్న ఉద్యోగమే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

లిడియా ఎప్పుడూ రెండు కప్పుల టీ పోయించుకునేది. రెండోది మీషాకి. ఖాళీ కుర్చీ ముందు ఆ కప్పు చల్లారుతుంటే ఫ్రెడీకి ఒళ్ళు జలదరించేది.

ఆ మధ్యాహ్నం టీ తెచ్చింది డిపార్ట్‌మెంట్ పంపిన నర్సు, ఏంజెలినా. బాపట్ల బాప్టిస్టు పాస్టర్ కూతురట. చూపు తిప్పుకోలేని అందం. వచ్చినప్పటి నుంచీ ఫ్రెడీ ఆమెని కాక గోడ మీది డ్యూటీల పట్టికని చూస్తున్నట్టు నటిస్తున్నాడు. కోడ్ వర్డ్ సరిగ్గానే చెప్పింది. అయినా అతను డిటెక్టర్ పెన్ను టీలో ముంచాడు. పచ్చ లైట్ వెలిగింది. విషం లేదు.

లిడియా కప్పు మీది ఆవిరిని అరచేత్తో ముక్కువైపు తోసుకుంది. ల్యాబ్ అలవాటు. ఆమె ముఖం పాలిపోయింది.

“మీషా వచ్చాడు. అదే వాసన. నన్ను రమ్మంటున్నాడు.”

“పాపం, పెద్దావిడ,” అంది ఏంజెలినా. “కళ్ళు మూసుకోండి బ్రదర్. ప్రార్థన చేసుకుని కేక్ తిందాం.”

ప్రార్థన చక్కటి తెలుగులో సాగింది. ఫ్రెడీకి మాత్రం చిన్నప్పటి జబ్బు ఒకటుంది. ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరుస్తాడు. అందుకు అమ్మ చేతిలో తిన్న మొట్టికాయలకి లెక్కలేదు.

“ఆమెన్,” అంటూ ఏంజెలినా కళ్ళు మూసుకునే నుదురు, ఛాతీ, కుడి భుజం, ఎడమ భుజం తాకింది.

బాపట్ల బాప్టిస్టులు అసలు సిలువ గుర్తే వేసుకోరు. కుడి భుజం ముందు తాకేది రష్యన్ చర్చిలో.

కప్పు లిడియా పెదవులకి ఆనబోతోంది. ఫ్రెడీ దాన్ని ఒక్క దెబ్బ కొట్టాడు. టీ గోడ మీద చిమ్మింది. పిస్టల్ కోసం వెళ్ళిన ఏంజెలినా చేతిని వెనక్కి విరిచాడు.

“పెన్ను పట్టలేదేం?” అన్నాడు రొప్పుతూ.

“దానికెలా తెలుస్తుంది? ఈ వాసన ఎరిగినవాళ్ళం నేనూ మీషానే.” లిడియా వెక్కి వెక్కి ఏడ్చింది. “ఆ రోజు వాడి చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు లేకపోయారు.”

కారు లిడియాని ఎక్కించుకుని లండన్ వెళ్ళిపోయింది. ఖాళీ కుర్చీ ముందున్న రెండో కప్పు ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఫోన్ మోగింది. అమ్మ.

“ఏరా నాన్నా, ఏమన్నా తిన్నావా? ప్రార్థన చేసుకున్నావా?”

“చేసుకున్నానమ్మా.”

“కళ్ళు మూసుకునేనా?”

అధికార రహస్యాల చట్టాన్ని గౌరవించి ఏజెంట్ ఫ్రెడీ నోరు విప్పలేదు.