పొత్తిలి తాళం

2079 నాటికి విశాఖ సొరంగ రైలులో పసిపిల్లల ఏడుపు వినబడటం మానేసింది. పిల్లలు ఏడవక కాదు, ఏడ్చినా బయటికి వినబడని పొత్తిళ్లలో ఉండేవారు. పొత్తిలి అంటే పసిపిల్లల్ని తిప్పే పాతకాలపు తోపుడుబండికి మనవరాలు. తనంతట తానే మెట్లు దిగుతుంది, టికెట్టు చూపిస్తుంది, రైలెక్కి గోడవారగా బుద్ధిగా నిలబడుతుంది. పైన గాజులాంటి మూత, మూతకు తాళం. కన్నవాళ్ల వేలిముద్రకు తప్ప అది తెరుచుకోదు. పరాయి చెయ్యి తగిలితే చాలు, ఆ మనిషి ఫోటో, పేరు, చిరునామా రెప్పపాటులో పోలీసులకు చేరతాయి. ఈ ఏర్పాటుకు 'స్పర్శ నమోదు' అని పేరు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల పీడ విరగడైందని ఊరంతా సంబరపడింది.

ఇదంతా కనిపెట్టింది డాక్టర్ వకుళ. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆ ఉదయం ఆమె ప్రయోగశాలలో నూకరత్నం కూర్చుని ఉంది. రేవులో క్రేను నడిపే మనిషి. ఒడిలో పదకొండు నెలల ఆడపిల్ల. కవలల్లో మిగిలిన పిల్ల.

ఇరవై రోజుల కిందట నూకరత్నం రెండు పొత్తిళ్లతో స్టేషనుకు వచ్చింది. జనం తోపులాటలో పిల్లాడి పొత్తిలి రైలెక్కింది, తల్లీ కూతురూ ఎక్కేలోపు తలుపులు మూసుకున్నాయి. అది పెద్ద గొడవేం కాదు. పొత్తిలి తర్వాతి స్టేషనులో దిగి తల్లి కోసం ఆగుతుంది. కానీ ఆ స్టేషను కొండ అడుగున తొమ్మిది నిమిషాల దూరం. దారిలో బిస్కెట్టు ముక్క పిల్లాడి గొంతుకు అడ్డం పడింది.

రేపు ఆ చావు మీద విచారణ కమిటీ కూర్చుంటుంది. తాళమూ నమోదూ తీసేయాలని వకుళ పట్టుదల. పొత్తిళ్లు తయారుచేసే కంపెనీ ససేమిరా అంటోంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి నోరు తెరిచి అడిగితే మాత్రం కమిటీ కాదనలేదు. అందుకే వకుళ ఆమెను పిలిపించింది.

"ముందు నాకు సూపించండి," అంది నూకరత్నం.

వకుళ రికార్డింగు పెట్టింది. తెర మీద మూత దానంతటదే తెరుచుకుంది. ప్రాణం మీదికొస్తే తాళం వదిలేయాలన్న సూత్రం వకుళ రాసిందే. పొత్తిలి పిలిచింది. "బిడ్డకు ఊపిరాడటం లేదు. ఎవరైనా ఎత్తుకుని బోర్లా పట్టుకోండి. వీపు మీద తట్టండి. తాళం తీసి ఉంది. నమోదు ఆపేశాం."

రైలుపెట్టెలో అరవై ఒక్కమంది. ఒకతను సిబ్బందిని పిలిచే ఎర్ర మీట నొక్కి తన పని అయిపోయినట్టు కూర్చున్నాడు. ఇంకొకతను వీడియో తీశాడు. ఒక ముసలావిడ చెయ్యి చాపింది. పక్కనున్న అమ్మాయి మోచెయ్యి పట్టి లాగింది. "ముట్టుకోకు మామ్మా, కేసైపోద్ది!" ఆ చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.

పద్నాలుగు సార్లు పిలిచింది పొత్తిలి. పదిహేనోసారి పిలవాల్సిన అవసరం లేకపోయింది.

నూకరత్నం ఏడవలేదు. ఒళ్లో పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"వాళ్లు చెడ్డవాళ్లు కారమ్మా," అంది వకుళ. "పరాయి బిడ్డని ముట్టుకోవద్దని ఇరవై ఏళ్లుగా నేనే నేర్పాను. నా చిన్నప్పుడు సిటీ బస్సులో మా అమ్మ నన్నెత్తుకుని నిలబడితే, కూర్చున్నవాళ్లు అడక్కుండానే చేతులు చాపేవారు, ఇలాగియ్యమ్మా అని. చేపల బుట్టతో వచ్చే ఆవిడ ఒళ్లో నిద్రపోయేదాన్నట. ఆవిడ పేరు కూడా మాకు తెలీదు."

మూలనున్న కొత్త పొత్తిలిని ముందుకు తెచ్చింది. "ఇది మీ పాపకి. దీనికి తాళం వెయ్యలేదు, నమోదూ పెట్టలేదు. ఎవరైనా ఎత్తుకోవచ్చు. అన్నీ ఇలాగే చెయ్యమని రేపు మీరొక్కమాట అనండి, చాలు."

"ఎవులైనా అంతే ఎవులు?"

"ఎవరైనా."

నూకరత్నం తెర వైపు వేలు చూపింది. అక్కడ అరవై ఒక్క ముఖాలు కదలకుండా ఆగి ఉన్నాయి. "ఈలేనా? మా గుంటడు నీలంగా అయిపోతుంతే కళ్లప్పగించి సూసినారు. ఆల సేతుల్లో నా గుంటని ఎట్టమంతారేటి?"

"భయపడ్డారు. ఆ భయం పోవాలంటే ఎవరో ఒకరు ముందు..."

"మీకు గుంటలున్నారా?"

"మనవడున్నాడు. అయిదో నెల."

"ఆడి బండికి తాళం తీసేసినారా?"

ఈ ఘోరం జరిగిన మర్నాడే వకుళ తన కూతురింటికి వెళ్లి, మనవడి పొత్తిలి తాళాన్ని స్వయంగా ఇంకో మెట్టు బిగించి వచ్చింది. ఎందుకలా చేశానని అప్పుడు తనను తాను అడగనైనా లేదు. ఇప్పుడు సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది.

"తీయనేదు కదా," అంది నూకరత్నం, కోపం లేకుండా. "మరి నాను రేపు ఏటని అడగాల? దీనికీ ఎయ్యండి తాళం. గట్టిగా ఎయ్యండి."

వకుళ పనిముట్లు తీసింది. తాళం బిగించి నమోదు పెట్టడానికి పావుగంట పట్టింది. నూకరత్నం పిల్లని పడుకోబెట్టి, మూత వేసి, బొటనవేలు ఆనించింది. చిన్న చప్పుడుతో తాళం పడింది.

పిల్ల దుప్పటి అంచు మూత కింద ఇరుక్కుని బయటికి వేలాడుతోంది. అలవాటు కొద్దీ వకుళ చెయ్యి చాపి దాన్ని లోపలికి సర్దబోయింది. పొత్తిలి మీద ఎర్రదీపం వెలిగింది.

"పరాయి చెయ్యి," అంది పొత్తిలి. "నమోదు చేశాం."

నూకరత్నం ఆమెకూ బండికీ మధ్యకు వచ్చి నిలబడింది.