ఎర్రనీటి వాలు

వీరవేణి చెక్కసుత్తితో కొండవాలుకు తొడిగిన శిలాకవచాన్ని తట్టింది. గట్టిగానే పలికింది. తాడు వదులు చేసుకుని పక్కకు జరిగి మళ్ళీ తట్టింది. ఈసారి డొల్ల చప్పుడు.

"ఇక్కడుంది బాబాయ్."

సూర్రావు పైనుంచి దిగి జిగురు గొట్టం అందించాడు. కవచం కింద, ఎవరూ నీళ్ళు పోయకుండానే, ఒక తెల్లటి వేరు రాయిని చీల్చే పని మొదలుపెట్టేసింది. నియమం ప్రకారం వేరు పీకాలి, పగులు నింపాలి, ఆ తర్వాత ఇద్దరూ చెరో అరచెయ్యి కవచానికి ఆనించాలి. రెండు చేతులూ ఆనితేనే, తొడుగులను కనిపెట్టుకుని ఉండే యంత్రం కొండకావలి ఆ వాలును భద్రం అంటుంది. లేకపోతే వాన పడేలోగా తొడుగును తానే ఊడదీసేస్తుంది. లోపల నీరు నిండి కవచం పేలితే కొండ సగం కూలుతుందని దాని భయం.

పాపికొండలకు ఈ తొడుగు వేసి ఒక తరం దాటింది. ఇప్పుడు వానకు రాయి అరగదు, ఎండకు పెట్లదు. గోదావరి బిందెలో మంచినీళ్ళలా తేటగా పారుతోంది. జలాశయాలు పూడవు, పట్నాల్లో దీపాలు ఆరవు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏటా వచ్చే ఒండ్రు రాక దిగువన లంకలు కుంగిపోతున్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. సముద్రం తీరిగ్గా ఎక్కి వస్తోంది.

చెవిలో చెల్లెలు రత్తాలు గొంతు మోగింది, నేరేళ్ళలంక నుంచి.

"అక్కా, అరటితోటలోకి ఉప్పునీళ్ళొచ్చేశాయే. ఈ వరదక్కూడా మట్టి రాకపోతే లంకని సముద్రానికి వదిలేస్తారంట. పడవలు పంపేశారు. నేను మాత్రం ఎక్కను."

"ఎక్కకు. గట్టు మీదే ఉండు," అంది వీరవేణి. గొట్టం నడుముకు తగిలించేసింది. "ఈ వాలుకి నేను చెయ్యి ఆనించను బాబాయ్."

సూర్రావు ముఖం మాడిపోయింది. తొడుగులు లేని రోజుల్లో కొండచరియ విరిగి అతని ఊరి మీద పడింది. భార్య ఆ మట్టికిందే ఉండిపోయింది. ఇంకెవరికీ అలా జరక్కూడదనే ఈ పనిలో చేరాడు.

"మట్టి సంగతి నీకేం తెలుసే? కదిలిందంటే ఇంక మన మాట వినదు."

"అందుకే ఎండాకాలమంతా వెతికి ఈ వాలు ఎంచాను. కింద ఊరు లేదు, దారి లేదు, ఏరొక్కటే. నీళ్ళు ఎర్రబడితే యంత్రాలు పాడవకుండా ఆనకట్ట తూముల తలుపులు వాటంతటవే లేస్తాయి. ఒండ్రు తిన్నగా లంకలకి పోద్ది."

"పట్నాలకి కరెంటు పోద్ది."

"పోనీ. కొన్నాళ్ళు విసనకర్రలు ఊపుకుంటారు."

పడమట మబ్బు ముసిరింది. కొండకావలి గొంతు వినిపించింది: "జంట అరచేతులు."

సూర్రావు చెయ్యి అలవాటుగా వెళ్ళి కవచానికి ఆనింది. వీరవేణి రెండు చేతులూ తాడుకు బిగించింది.

"ఒక చెయ్యి అందింది. నిరాకరించినవారి పేరు చెప్పండి. రెండోవారికి జతగా వెంటనే కొత్తవారిని పంపుతాను."

కొత్త మనిషి వస్తాడు, చెయ్యి ఆనిస్తాడు, వానలోగా వాలు భద్రమైపోతుంది. ఈ మెలిక వీరవేణి ఊహించలేదు. నోరు తెరిచి ఏదో అనబోయింది.

సూర్రావు కిందికి, ఏటి దాకా వాలంతా చూశాడు. తర్వాత తన అరచెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇద్దరం," అన్నాడు.

జంటలో ఒకరు మొరాయించడం కొండకావలికి తెలుసు. ఇద్దరూ ఒక్కటవడం దానికి ఎవరూ నేర్పలేదు. కాసేపటికి కొండ శిఖరం నుంచి తొడుగు బిగింపులు ఒక్కొక్కటే ఊడటం మొదలైంది. ఇద్దరూ రాతిలో దిగిన మేకులను పట్టుకుని పక్కగట్టుకు చేరారు. తొడుగు ముడతలు పడి జారిపోయింది. పగుళ్ళు దేరిన రాయి, దాని సందుల్లో ఎర్రమన్ను బయటపడ్డాయి.

వాన దంచికొట్టింది. మన్ను కరిగి ఎర్రగా ఏటిలోకి కదిలింది. ఆ చప్పుడుకి సూర్రావు కళ్ళు గట్టిగా మూసుకుని వీరవేణి భుజం పట్టుకున్నాడు.

"కింద ఎవరూ లేరు కదే, అమ్మాయ్?"

"ఎవరూ లేరు బాబాయ్."

అప్పుడు కళ్ళు తెరిచాడు.